పొదుపు పుస్తకంలో లేని లెక్క
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



మాలో బాగా చదివినవాళ్లంటే పదో తరగతే. డాక్టర్ల మాదిరి చెప్పడం మాకు రాదు. మాకు జరిగింది మాత్రం చెబుతాం.

మా సంఘంలో 11 మంది సభ్యులం. పొదుపు ఒక్క నెల తప్పలేదు, బ్యాంకు కిస్తు ఒక్కటీ ఆగలేదు. పోయిన ఏడాది ఇదే సభలో మా సంఘానికి మీరంతా చప్పట్లు కొట్టినారు. తర్వాత కొన్ని వారాలకే, చెనిక్కాయలు పీకే రోజుల్లో, మా చెల్లెలు ఒకామె చేనులోనే కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7.8 వచ్చింది. గర్భంతో లేని ఆడమనిషికి 12 అన్నా ఉండాలంట. "పొద్దున ఏం తిన్నావమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే "టీ తాగినా" అంది. "రాత్రి?" అంటే "పిల్లోళ్లు తినగా మిగిలింది" అంది. కిస్తు కట్టేదానికి ఇంట్లో పాలు, గుడ్లు తగ్గించిందనీ, అదీ తన వాటా మాత్రమే తగ్గించుకుందనీ అప్పుడు బయటపడింది.

మాకు తల ఎత్తుకోలేనట్టు అయింది. వారం వారం ఆమె పక్కనే కూర్చుని "కిస్తు తెచ్చినావా?" అని అడిగినాం. "తిన్నావా?" అని ఒక్కరోజూ అడగలేదు.

ఇది ఆమె ఒక్కదాని కథ కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. అంటే ఈ పందిట్లో సగం మందికి మించి. ఇంకో మాట. రోజుకు మగవాళ్లకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలని, ఆడవాళ్లకు 29 కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. ఎక్కువ కావాల్సింది మనకు. అందరికంటే చివర తినేదీ మనమే.

మనకు పంచసూత్రాలు నోటికి వచ్చు కదా. అట్లనే తిండికీ ఐదు పెట్టుకున్నాం. డబ్బు ఎక్కువ పెట్టి కొనేవి, గంటలు గంటలు వండేవి పెట్టుకోలేదు. పెట్టుకున్నా వారం నిలవదని మాకు తెలుసు.

ఒకటి, ఉత్త టీతో పనికి పోకూడదు. రాత్రి సంగటి ఒక ముద్ద ఎక్కువ చేసి నీళ్లలో వేసి పెడితే, పొద్దున మజ్జిగ పోసి పిసుక్కుని ఉల్లిగడ్డతో తాగి పోవచ్చు. రాగుల్లో ఉన్న సున్నం బియ్యంలో పదో వంతు కూడా ఉండదు.

రెండు, వారంలో నాలుగు రోజులు ఆకుకూర. మునగచెట్టు ఊర్లో లేని వీధి లేదు. పప్పులో వేసుకుని, తినేటప్పుడు నిమ్మకాయ పిండుకుంటే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

మూడు, అన్నం తిన్న గంట లోపల టీ తాగకూడదు. తిన్న ఇనుమును ఒంటికి పట్టనీకుండా టీ అడ్డం పడుతుంది.

నాలుగు, కూర, గుడ్డు ముందే ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని గిన్నెల్లో పంచి పెట్టాలి. మన గిన్నె కూడా లెక్కలో ఉండాలి.

ఐదు, నెలకొక మీటింగుకు ఏఎన్ఎం అమ్మను, ఆశా అక్కను పిలిచి, 30 దాటినవాళ్లం బీపీ, షుగరు చూపించుకోవాలి.

ఇవన్నీ సాఫీగా జరిగినాయని చెప్పం. మునగాకు చేదని పిల్లోళ్లు పక్కకు తీసి పెట్టినారు. ఎండబెట్టి, వేయించిన చెనిక్కాయలతో పొడి కొడితే తిన్నారు. ఐరన్ మాత్రలు మింగితే విరేచనం నల్లగా వస్తోందని ముగ్గురు భయపడి మానేసినారు. అది మామూలేనని, కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోమని ఆశా అక్క చెప్పినాక మళ్లీ మొదలుపెట్టినారు. అన్నిటికంటే కష్టమైంది నాలుగోదే. "ఇదేంది, మొగోనికి గుడ్డు, నీకూ గుడ్డా?" అని ఒక ఇంట్లో అత్త అనింది. ఆ కోడలు ఎదురు చెప్పలేదు. మరుసటి రోజు అత్త గిన్నెలో కూడా ఒక గుడ్డు పెట్టింది. ఆ అత్త కూడా ఎన్ని ఏండ్లుగా అడుగున మిగిలింది తిన్నదో ఎవరు అడిగినారు? మళ్లీ ఆ మాట ఆమె నోట రాలేదు.

మూడు నెలలు మాత్రలు వేసుకుని, కడుపు నిండా తిన్నాక ఆ చెల్లెలికి 10.4 వచ్చింది. ఇంకా 12 కాలేదు, కానీ ఈసారి చేనులో కూర్చోకుండా సాలు ముగించింది. మాలో ఇద్దరు మళ్లీ పాత దారికే పోయినారు. వాళ్లను తిట్టలేదు. వాళ్లకు ఇంటి పని సాగనీయడం లేదని తెలిసి, మీటింగు రోజు పక్కింటి సభ్యురాలు సంగటి తెచ్చి ఇస్తోంది.

సమాఖ్యను మేము అడిగేది ఒక్కటే. మినిట్స్ పుస్తకంలో పొదుపు, అప్పు, కిస్తు రాసేచోట ఇంకో వరుస గీయండి. "ఈరోజు పొద్దున తిన్నారా?" అని. రూపాయి ఖర్చు లేదు. కిస్తు ఒక నెల ఆలస్యమైతే సంఘంలో కూర్చుని మాట్లాడుకుని దారి చూసుకోవచ్చు. ఒంట్లో రక్తం అయిపోతే ఏ బ్యాంకు అప్పు ఇస్తుంది?

భోజనాలు సిద్ధంగా ఉన్నాయంట. ఈ పూటన్నా వడ్డించేవాళ్లు కూడా మనతోపాటు కూర్చుని తిననీండి. సెలవు.