బలపం దుమ్ము



మీరు మొదట అక్షరాలు దిద్దింది పలక మీద. చేతిలో బలపం. ఆ బలపం ఎక్కడ పుడుతుంది? దాన్ని చేసిన చేతులు ఏమయ్యాయి? ఈ రోజు ఆ మాట చెప్పుకుందాం.

మధ్యప్రదేశ్‌లో మందసౌర్ అనే ఊరుంది. రాతి బలపాలకు పేరు పొందిన ఊరు. అక్కడ రాయిని రంపపు మిషన్లతో కోసి బలపాలు చేసేవారు. కోస్తుంటే దుమ్ము లేచేది. అందులో పిండి కన్నా సన్నని రాతిపొడి ఉంటుంది. అది ఊపిరితో లోపలికి పోతుంది. మళ్లీ బయటికి రాదు. ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడతాయి. మొదట దగ్గు. తరువాత ఆయాసం. ఆఖరికి నాలుగు అడుగులు కూడా వేయలేరు.

ఈ జబ్బు పేరు సిలికోసిస్. దీన్ని నయం చేసే మందు లేదు. పని మానేసినా జబ్బు ముదరవచ్చు.

అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వారు అక్కడి కార్మికులను పరీక్షించారు. ఆ వివరాలు 1985లో అచ్చయ్యాయి. పరీక్షించిన వారిలో సగం మందికి పైగా ఈ జబ్బు ఉంది.

ఇది తలరాతా? కాదు. రంపం దగ్గర కూర్చునేది కూలి మనిషి. లాభం లెక్క చూసుకునేది దూరంగా ఉన్న యజమాని. దుమ్మును లాగేసే ఫ్యాను పెడితే యజమానికి ఖర్చు. పెట్టకపోతే ఆస్పత్రి ఖర్చు కూలి మనిషికి. ఒకరికి డబ్బు మిగిలింది. ఇంకొకరికి ఊపిరి తరిగింది.

అంతటితో అయిపోదు. మగమనిషి మంచాన పడితే కూలి ఆగిపోతుంది. అప్పు పెరుగుతుంది. తిండి తగ్గుతుంది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ కూడా తేలిగ్గా వస్తుంది. ఇల్లు గడవాలంటే భార్య కూడా ఆ దుమ్ములోకే పోవాలి.

కార్మికుల బాధ బయటికి వచ్చింది. 1982లో మధ్యప్రదేశ్‌లో బలపం కార్మికుల సంక్షేమ నిధి కోసం చట్టం చేశారు. కానీ పోయిన ఊపిరి చట్టంతో తిరిగి రాదు. జబ్బు రాకముందే దుమ్మును ఆపాలి.

ఈ దుమ్ము మన దగ్గర కూడా ఉంది. కంకర మిల్లుల్లో ఉంది. పలుగురాయి పొడి చేసే మిల్లుల్లో ఉంది. రాతి క్వారీల్లో ఉంది. ముక్కుకు కొంగు కట్టుకుంటే చాలదా? చాలదు. సన్నని పొడి బట్టలోంచి దూరిపోతుంది. రాయిని నీళ్లతో తడిపి కొట్టాలి. దుమ్మును లాగే మిషను పెట్టాలి. ఆ బాధ్యత యజమానిదే.

ఆయాసం వస్తే డాక్టరుకు ఏం చెప్పాలి? "దగ్గు" అని మాత్రమే చెప్పి ఊరుకోవద్దు. "రాతి దుమ్ములో ఇన్నేళ్లు పని చేశాను" అని చెప్పాలి. లేకపోతే క్షయ అనుకుని పంపేయవచ్చు.

పని వల్ల ఈ జబ్బు వచ్చిందని రుజువైతే పరిహారం అడిగే హక్కు ఉంది. రుజువు ఏది? మస్టరులో పేరు. కూలి చీటీ. ఎక్సరే. ఆస్పత్రి కాగితం.

మస్టరులో మీ పేరు ఉందో లేదో ఇప్పుడు మీరే చదవగలరు. వేలిముద్ర అడిగితే, ఏం రాశారో చదివి సంతకం పెట్టగలరు. కాగితాలన్నీ ఒక సంచిలో దాచుకోండి. పని చేసిన చోటు, ఏడాది రాసి పెట్టుకోండి.

బలపంతో నేర్చిన చదువు, బలపం చేసిన వారి లాంటి బతుకులకు అండ కావాలి.