పతకం అంచు చదవండి
(కాణిపాకంలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వరసిద్ధి వినాయకుని సన్నిధిలో ప్రమాణం చేసి అబద్ధమాడడానికి ఎవరూ సాహసించరని మన నమ్మకం. నేను మాట్లాడబోయేది కూడా ఒక సాక్ష్యం గురించే. అది మన ట్రంకుపెట్టెల అడుగున పడివున్న పాత యుద్ధ పతకాల సాక్ష్యం.

మా తాత మొదటి ప్రపంచయుద్ధంలో బస్రా వెళ్ళివచ్చారని మా నాయన చెప్పేవారు. బంధువులు కొందరు "బస్రా ఎక్కడ, బెంగుళూరు దాటివుండడు" అని ఎగతాళి చేసేవారు. నాయన దగ్గర కాగితం లేదు. తలవంచుకుని ఊరుకునేవారు. ఇంట్లో రెండు పతకాలుండేవి. 1980లో వెండి ధర ఆకాశానికంటినప్పుడు వెండిదాన్ని కరగడానికిచ్చాము. ఇచ్చినవాణ్ణి నేనే.

ఆ వెండి పతకం ఎలా వుంటుందో చెబుతాను. అడ్డకొలత 36 మిల్లీమీటర్లు. ఒకవైపు ఐదవ జార్జి తల, రెండోవైపు గుర్రం మీద యోధుడు. గుర్రం కాళ్ళ కింద ప్రష్యా గద్ద బొమ్మగల డాలు. రూపకర్త విలియం మెక్‌మిలన్. కూలి దళాలవారికి ఇదే పతకాన్ని కంచుతో ఇచ్చారు. కనుక కంచుది కనిపిస్తే నకిలీ అనుకోకండి. దీనికి జోడీ అయిన విజయ పతకం కంచుదే. దానిపై రెక్కల విజయదేవత వుంటుంది, రిబ్బను ఇంద్రధనుస్సు రంగులది.

ఎదుటి పక్షమైన జర్మనీవారి పనితనం వేరు. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవుపై గుండ్లు కురిపించిన ఎమ్డెన్ నౌక కథ మన పెద్దలు చెప్పేవారు కదా. ఆ నౌక నాయకుడు ఫాన్ ముల్లర్‌కు ఇనుప శిలువ ఇచ్చారు. 1813లో ప్రష్యా రాజు నెలకొల్పిన పతకమది. మధ్యలో నల్లరంగు పూసిన ఇనుము, దానికి ముందూ వెనకా వెండి చట్రాలు పెట్టి అతికిస్తారు. సాధారణంగా సైనికుని పేరుండదు. చాలావాటికి రింగు మీద తయారుచేసినవారి గుర్తు వుంటుంది. అయస్కాంతానికి అంటుకున్నంత మాత్రాన అసలుది కాదు, నకిలీలకూ ఇనుము వాడతారు. అతుకు లేకుండా ఒకే ముక్కగా పోతపోసినదైతే అనుమానించాలి.

మన సైనికుల పతకాలకు అంచే ముఖ్యం. నంబరు, హోదా, పేరు, దళం అక్కడే చెక్కి వుంటాయి. పాత పేరు అరగదీసి కొత్త పేరు చెక్కినవీ వున్నాయి. అలాంటప్పుడు అడ్డకొలత తగ్గుతుంది, ఆ చోట అంచు పల్చబడుతుంది.

రిటైరైన తరువాత ఒకరోజు మిగిలిన విజయ పతకాన్ని భూతద్దం కింద పెట్టాను. అంచు మీద తాత పేరు, దళం కనిపించాయి. యుద్ధరంగంలో అడుగుపెట్టినవారికే ఆ పతకం ఇచ్చారని తరువాత తెలిసింది. బెంగుళూరులో ఆగిపోయినవారికి అది రాదు. నాయన మాట నిజమే. కాని చెప్పడానికి అప్పటికి నాయన లేరు.

మిత్రులారా, మీ ఇళ్ళల్లో వెతకండి. చింతపండు, బూడిద వేసి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. పాత రిబ్బను పారేయకండి. అంచు మీది ప్రతి అక్షరాన్ని కాగితంపై రాసి మనవళ్ళకు, మనవరాళ్ళకు చదివి వినిపించండి. కరగబోసేముందు ఒక్కసారి చదవండి.