పైత్యరసము – పేగులలోని సూక్ష్మజీవులు



చేపను బాగుచేసేటప్పుడు లోపలి ఆకుపచ్చని తిత్తి చిట్లితే కూరంతా చేదెక్కుతుంది గదా! ఆ చేదు పసరే పైత్యరసం. మనలోనూ కాలేయం దీనిని తయారుచేసి పేగులోకి వదులుతుంది. సబ్బు జిడ్డును విడగొట్టినట్లు, ఇది మనం తిన్న నూనెను, నేతిని విడగొట్టి అరిగేటట్లు చేస్తుంది. ఇందులోని ముఖ్య పదార్థాలకు పైత్యామ్లాలని పేరు.

పని తీరగానే వీటిలో నూటికి 95 వంతులు చిన్నపేగు చివర రక్తంలో కలిసి, తిరిగి కాలేయానికే చేరుతాయి. మిగిలిన కొద్ది భాగం పెద్దపేగులోకి జారుతుంది. అక్కడ కోటానుకోట్ల బాక్టీరియా కాపురముంటుంది. కంది, వేరుశనగ వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పైరుకు పనికివచ్చేలా మార్చడం మీరెరిగినదే. అలాగే పేగులోని కొన్ని జాతులు కోలిక్ ఆమ్లమనే పైత్యామ్లాన్ని డీఆక్సికోలిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఈ పని చేతనైన జాతులు బహు కొద్ది.

ఇందువల్ల మనకేమి లాభం అంటారా? డిఫిసిల్ అని పిలిచే చెడ్డ బాక్టీరియా ఒకటి ఉన్నది. అది విజృంభిస్తే విడవని విరేచనాలు పట్టుకుంటాయి. ముసలివాళ్ళకు ప్రాణం మీదికే వస్తుంది. డీఆక్సికోలిక్ ఆమ్లం దానిని పెరగనివ్వదు. ఈ ఆమ్లాన్ని చేసే బాక్టీరియాను పట్టించిన చిట్టెలుకలు ఆ రోగాన్ని మెరుగ్గా తట్టుకున్నాయని 2015 లో వెల్లడైంది.

యాంటీబయాటిక్ మందులకు మాత్రం శత్రువు, మిత్రుడు అనే తేడా తెలియదు. కలుపుతోపాటు పైరునూ పీకివేస్తాయి. అందుచేత జలుబు చేయగానే మందుల కొట్లో అడిగి రెండు బిళ్ళలు మింగడం, పశువుకు తెచ్చిన మందును మనుషులు వాడడం తగదు. అసలు జలుబుకు ఆ మందులు పనిచేయనే చేయవు. డాక్టరు రాసిస్తే మటుకు ఆయన చెప్పినన్ని రోజులూ వాడండి. మధ్యలో విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఆయనకు తెలపండి. విస్తరణ కార్యకర్తలు ఊరూరా ఈ ముక్క చెప్పాలి.

అయితే ఎరువైనా మోతాదు మించితే పైరును మాడ్చదా? కొవ్వు అతిగా తింటే పైత్యరసం ఎక్కువగా దిగుతుంది. డీఆక్సికోలిక్ ఆమ్లమూ పెరిగి పెద్దపేగు గోడను బాధిస్తుంది. అక్కడ వచ్చే కాన్సరుకు ఇదీ ఒక కారణం కావచ్చునని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. పీచు గల తిండి దీనిని కొంత అదుపులో ఉంచుతుంది. కాబట్టి పండించిన జొన్నలు, రాగులు, పెసలు అన్నీ బజారుకు తోలివేయక, ఇంటి తిండికి కొన్ని ఉంచుకోండి. ఆకుకూరలు పెరట్లోనే వేసుకోవచ్చును.

నేలలోని సూక్ష్మజీవులను కాపాడుకునే రైతుకు పొట్టలోని వాటిని కాపాడుకోవడం కష్టమా?