పుట్టువెండ్రుకలు – పసినెత్తి

తిరుమలాయపాలెము పరిసరములనుండి భద్రాచలమునకు పోయి, గోదావరి యొడ్డున బిడ్డలకు పుట్టువెండ్రుకలు తీయించు గృహస్థులు పెక్కురు. మ్రొక్కు తీరిన రెండు మూడు దినములకు పసినెత్తిపై చీముపొక్కులు లేచినచో తల్లి మనస్సు కలత చెందును.

కత్తి వెండ్రుకలతోపాటు చర్మపు పైపొరను గూడ గీయుటయే దీనికి కారణము. ఆ గీతలగుండ సూక్ష్మజీవులు రోమకూపములను చేరును. ఒకరికి వాడిన బ్లేడు మరొకరికి వాడినచో హెపటైటిస్-బి సైతము సోకవచ్చును. కావున కొత్త బ్లేడును మీ కన్నులయెదుటనే విప్పించుడు.

తలను గోరువెచ్చని నీటితో చక్కగా నాననిండు. కత్తి వెండ్రుకలు వాలిన వైపునకే నడువవలెను; ఎదురు గొరిగినచో తెగిన కొసలు చర్మములోనికే మొలచి పొక్కులగును. పిదప శుభ్రమైన నీట కడిగి, మెత్తని వస్త్రముతో అద్దుడు. సున్నితమైన చర్మమునకు గంధము మంట పుట్టింపవచ్చును.

తలపై ముందే కురుపులున్నచో వైద్యునికి చూపి, అవి మానువరకు ఆగుడు. మ్రొక్కునకు మరియొక ముహూర్తము దొరకును.