హాస్టల్ చేపల గుంటకు ఎండ కరెంటు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హాస్టల్ వెనక ఉన్న చేపల గుంట గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. మేము అంటే సైన్సు, లెక్కలు చెప్పే ఉపాధ్యాయులం, మాతో పాటు తొమ్మిదో తరగతి పిల్లలు. గుంట మీరిచ్చిన డబ్బుతో తవ్వించింది. లెక్క అడిగే హక్కు మీకుంది, అప్పజెప్పే బాధ్యత మాకుంది.

గుంట పెద్దదేం కాదు. అయిదు సెంట్లు, సుమారు 200 చదరపు మీటర్లు. సగటు లోతు నాలుగు అడుగులు. రెండు లక్షల నలభై వేల లీటర్ల నీళ్లు పడతాయి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు కలిపి 150 పిల్లలు వదిలాం. బొచ్చె పైనీటిలో, శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున మేస్తాయి కాబట్టి ఒకదాని తిండికి ఇంకొకటి పోటీ రాదు. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి వచ్చిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. వాళ్ల ముందు మేము చేపల పెంపకం చెప్పడమంటే తాతకు దగ్గు నేర్పినట్టే. అందుకే పెంపకం సంగతి వదిలి, చేప ఊపిరి సంగతి ఒక్కటే చెబుతాం. డబ్బు ఖర్చయ్యేది దానికే.

మనం పీల్చే గాలి ఒక లీటరులో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో ఉన్న లీటరు నీటిలో మామూలుగా కరిగేది ఏడున్నర మిల్లీగ్రాములే. అది మూడు కంటే తగ్గితే ఈ చేపలు మేత మానేస్తాయి, ఇంకా తగ్గితే పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. పగలు నీటిలోని పచ్చని నాచు ఎండ తగిలి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు మనలాగే ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకని సూర్యోదయానికి కాస్త ముందు నీటిలో ఊపిరి అన్నిటికంటే తక్కువ. మబ్బు రోజుల్లో పగటి సంపాదన ఉండదు, రాత్రి ఖర్చు మాత్రం తప్పదు.

నిరుడు అక్టోబరులో వాయుగుండం పట్టినప్పుడు ఇది కళ్లారా చూశాం. రెండు రోజులు సూర్యుడు లేడు. మూడో రోజు ఫజర్ నమాజుకు లేచిన పిల్లలు గుంట దగ్గర చప్పుడు విని టార్చి వేసి చూస్తే నీళ్ల మీద అన్నీ నోళ్లే. అర్ధరాత్రి నుంచి కరెంటు లేదు, మోటారు ఆగిపోయింది. వార్డెన్‌గారి కేకకు హాస్టలంతా లేచింది. బకెట్లు, బిందెలు, అన్నం గిన్నెలు, ఏది దొరికితే అది. నీళ్లు ముంచడం, ఎత్తు నుంచి పొయ్యడం. ఏడున్నర దాకా పొయ్యడమే. పదకొండు చేపలు పోయాయి, మిగతావి బతికాయి. పిల్లలు ఆ రోజు బడికి ఆలస్యంగా వచ్చారు. మేము హాజరు వేసేశాం.

తర్వాత పిల్లలే అడిగారు, కరెంటు మనమే చేసుకోలేమా అని. సౌర పలక కొని మోటారుకు కలిపేస్తే అయిపోతుందని సభలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. చిక్కంతా అక్కడే. పలక పనిచేసేది మధ్యాహ్నం. ఆ వేళకు నాచే ఆక్సిజన్ ఇస్తోంది, మన సాయం అక్కర్లేదు. అవసరం తెల్లవారుజామున రెండింటి నుంచి ఆరింటి దాకా. కాబట్టి అసలు సామాను బ్యాటరీ. పలక దాన్ని నింపే పనిమనిషి మాత్రమే.

ఈ లెక్క పిల్లలతోనే బోర్డు మీద చేయించాం. గాలి పంపు 40 వాట్లు, నాలుగు గంటలు నడిస్తే 160 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే త్వరగా చెడుతుంది. అంటే రెట్టింపు ఉండాలి, 320. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే 27 ఆంపియర్ అవర్లు. నష్టాలు కలుపుకుని 40 తీసుకున్నాం. వంద వాట్ల పలక మంచి ఎండ రోజున, నష్టాలు పోను, మూడు వందల వాట్ అవర్ల దాకా ఇస్తుంది. కానీ దట్టమైన మబ్బు పడితే నాలుగో వంతు కూడా రావడం కష్టం. గండం ఆ రోజుల్లోనే గనుక పలకలు రెండు పెట్టాం. పంపు గాలిని చిల్లులు పెట్టిన పైపు గుండా అడుగుకు పంపుతున్నాం. ఇంత చిన్న పంపు గుంట మొత్తానికి చాలదు. ఒక మూలను కాపాడుతుంది. చేపలు ఆ మూలకు చేరతాయి, తెల్లవారే దాకా గడిపేస్తాయి.

ఇంకో ప్రయత్నం గాలిమర. పాత ఆయిలు డ్రమ్మును నిలువునా రెండుగా కోసి, రెండు ముక్కల్నీ పక్కపక్కకు జరిపి నిలువు ఇరుసుకు బిగిస్తే తిరుగుతుంది. ఫిన్లాండు ఇంజనీరు సావోనియస్ పేరు మీద ఉన్న పద్ధతి ఇది. చూడముచ్చటగా ఉంది, సైన్సు ఫెయిర్‌లో జనం దాని చుట్టూనే నిలబడ్డారు. కానీ గాలి వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సెకనుకు మూడు మీటర్ల గాలికి మా డ్రమ్ము నుంచి రెండు మూడు వాట్లు మించి రావు. పైగా చేపకు ఊపిరాడని రాత్రి అంటే ఆకు కదలని ఉక్క రాత్రే. పిల్లల పాఠానికి డ్రమ్మును ఉంచాం, చేపల ప్రాణం మాత్రం దానికి అప్పగించం.

బ్యాటరీకి కూడా డబ్బు లేదనే ఊళ్లకు మా సలహా కొరమీను. తెలంగాణ రాష్ట్ర చేప అది. నీటిపైకొచ్చి నేరుగా గాలి పీల్చుకుంటుంది కాబట్టి పంపు లేకపోయినా బతుకుతుంది. అయితే తోటి చేప పిల్లల్ని తింటుంది, వేరే గుంట కావాలి.

230 వోల్టుల తీగ ఏదీ ఇప్పుడు గుంట దగ్గరికి రాదు. తడి కాళ్లతో పిల్లలు తిరిగే చోటు, అంతా 12 వోల్టులే. చుట్టూ ఛాతీ ఎత్తు కంచె, తాళం వార్డెన్‌గారి దగ్గర.

ఇక దాతలకు మా మనవి. పలకలు ఇంకో నాలుగు ఇస్తాం, పేరు రాయించండి అని ఇద్దరు పెద్దలు అన్నారు. వారికి మా సలాములు. కానీ పలక పాతికేళ్లు ఉంటుంది, బ్యాటరీ మూడు నాలుగేళ్లే. కొత్త సామానుకు డబ్బు ఇచ్చేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు. పాత బ్యాటరీ మార్చడానికి అడిగితే ముఖాలు చూసుకుంటారు. బ్యాటరీ మీద పేరు రాయించుకునేవాళ్లు ఎవరూ లేరు మరి. ఎన్ని ఊళ్లలో బడి కప్పుల మీద పలకలు మెరుస్తూ, కింద బ్యాటరీ చచ్చి పడి ఉందో మీరే చూసి ఉంటారు. ఆ నాలుగు పలకల డబ్బును విడి ఖాతాలో వెయ్యమని కోరుతున్నాం. చేపల అమ్మకంలో పదో వంతు మేమూ అందులో వేస్తాం. బ్యాటరీ, వల, పంపు డయాఫ్రమ్, ఈ మూడింటికి తప్ప ఆ ఖాతా ముట్టుకోం. జమాఖర్చుల పుస్తకం తొమ్మిదో తరగతి పిల్లలు రాస్తారు, ప్రతి ఆరు నెలలకూ కోశాధికారిగారు చూస్తారు.

వలపట్టు ఫిబ్రవరిలో. కొంత హాస్టల్ వంటకు, మిగతాది అమ్మకానికి. చూడాలనుకునేవారు ఉదయం ఆరింటికే రండి. ఎండెక్కాక వల వేస్తే మిగిలిన చేపలు తట్టుకోలేవు.