తిన్నది ఒంటబట్టకపోవుట



కడుపునిండ భుజించియు నానాటికి చిక్కిపోవు మనిషిని చూచి, “తిన్నది ఒంటబట్టుట లేదు” అని విడవలూరు పెద్దలు అనుట కద్దు. వైద్యశాస్త్రము చెప్పునదియు దాదాపు అదియే. నోటికి అందిన అన్నము వేరు, నెత్తురున కలిసిన సారము వేరు.

చిన్నప్రేవు సుమారు 6 మీటర్ల గొట్టము. దాని లోపలి పొర నున్నగా నుండక, మఖమలు గుడ్డవలె సన్నని నూగుతో నిండియుండును. ఆహారసారమును పీల్చునది ఆ నూగే. ఇనుము ప్రేవు పైభాగమునను, బి-12 విటమిను కడపటి భాగమునను రక్తమున చేరును. ఆ పొరలోని కణములు కొలది దినములకే రాలి, క్రొత్తవి పుట్టుచుండవలెను. నూగు అరిగినచో ఎంత పుష్టికరమైన భోజనమైనను చాలవరకు వ్యర్థమే.

ఈ దుర్గతికి ప్రబలోదాహరణము సంగ్రహణి. ఇంగ్లీషు వైద్యులు దీనిని స్ప్రూ అందురు. విరేచనములు జిడ్డుగా, దుర్గంధముతో వెడలును, నాలుక పూయును, మనిషి పాలిపోవును. కొవ్వుతోబాటు ఏ-విటమినును పోవుటచే రేచీకటియు రావచ్చును.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిరువురు ఈ వ్యాధితోనే ఎనిమిది దినముల వ్యవధిలో మరణించిరి. తనకును అది సోకగా, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే ఆయన కోలుకొనిరి. అమెరికా చేరి, తరువాత లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకులైరి. 1945లో అచ్చటి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. సంగ్రహణి రోగుల రక్తహీనతకు అది గొప్ప ఔషధమైనది. అన్నదమ్ములను పొట్టనబెట్టుకొన్న రోగముపై ఇంతకు మించిన ప్రతీకారము మరి యుండునా!

క్రొత్త కణములు పుట్టుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. అది కొరవడిన ప్రేవుపొర బాగుపడదు. పొర బాగుపడనిదే అది ఒంటబట్టదు. ఈ ముడిని విప్పుటకే వైద్యులు ఫోలిక్ ఆమ్లముతోబాటు సూక్ష్మజీవనాశకములను కొన్ని నెలలు ఇత్తురు. 1960 దశాబ్ది తొలియేండ్లలో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల వైద్యులు దక్షిణదేశపు పల్లెలలో ఈ వ్యాధి ఊళ్లకు ఊళ్లు ప్రబలుట చూచిరి. అంటు కారణమను అనుమానమునకు అది బలము.

నేడు సంగ్రహణి అరుదు. కాని కలుషితమైన నీటివలన మాటిమాటికి విరేచనములు పట్టు పసిబిడ్డల ప్రేవులలోను నూగు అరుగుచునే యున్నది. బిడ్డ ఎదుగక గిడసబారును; తల్లి మాత్రము పాలు చాలలేదేమో యని కుములును. భోజనముతో తేనీరు త్రాగు అలవాటును ఇనుమును కొంత అడ్డగించును. నిమ్మరసము దానికి తోడ్పడును.

రెండు వారములు దాటిన విరేచనములతో మనిషి తరుగుచున్నచో మలమును, రక్తమును పరీక్ష చేయింపవలెను. అంగడిలో ఫోలిక్ ఆమ్లపు మాత్రలు కొని మ్రింగుట చాలదు. బి-12 లోపించిన వానికి ఫోలిక్ ఆమ్లము ఒక్కటే ఇచ్చిన నెత్తురు బాగుపడినట్లు కనిపించును. లోలోపల నరములు మాత్రము చెడుచునే యుండును.