కలపడం కన్నా తీసేయడం కష్టం

 

పట్టాలు అందుకుంటున్న మీతో ఈ వేదిక మీద నేను ఒక క్వెరీ గురించి మాట్లాడాలనుకుంటున్నాను. నా పనంతా స్ట్రీమింగ్ డేటా మీదే. మీలో చాలామంది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అదే పనిలోకి వెళ్తారు. వెళ్లిన కొద్ది నెలలకే ఇలాంటి ప్రశ్న ఒకటి మీ ముందుకొస్తుంది: గత గంటలో ఈ కార్డును ఎన్ని వేర్వేరు ఫోన్ల నుంచి వాడారు? లావాదేవీ వచ్చిన ప్రతిసారీ, అక్కడి నుంచి గంట వెనక్కి చూసి, వెంటనే జవాబు చెప్పాలి. ఎస్‌క్యూఎల్‌లో ఇది రెండు మూడు లైన్లు: కౌంట్, దాని లోపల డిస్టింక్ట్, పక్కన ఓవర్, గంట పరిధి. ఆ డిస్టింక్ట్ లేకపోతే మామూలు పనే. అది ఉంటే కింద ఇంజిన్ చేసే పనే మారిపోతుంది.

మీ హాస్టల్ మెస్ తీసుకోండి. రోజూ ఎన్ని ప్లేట్లు లేచాయో రాసుకుంటే వారం లెక్క కూడికతో తేలిపోతుంది. వారాన్ని ఒక రోజు ముందుకు జరపాలంటే కొత్త రోజు అంకె కలిపి, పాత రోజు అంకె తీసేస్తే సరి. అదే వార్డెన్ గారు 'ఈ వారం ఎంతమంది తిన్నారు?' అని అడిగితే, రోజుకు 300 మంది చొప్పున ఏడు రోజులకు 2100 అని చెప్పలేం. సోమవారం తిన్నవాళ్లే మంగళవారమూ తిన్నారు. ఇక్కడ అంకెలు చాలవు, పేర్లు కావాలి. పైగా ఆ వారం పరిధి, అంటే విండో, ముందుకు జరుగుతున్నప్పుడు ఏ పేరు కొట్టేయాలో, ఏది ఉంచాలో తెలియాలి.

కార్డు దగ్గరికే వద్దాం. పది గంటలకు ఒక ఫోన్ నుంచి చెల్లింపు. 10:20కి ఒక ట్యాబ్ నుంచి. 10:45కి మళ్లీ అదే ఫోన్. 11:05కి ఎప్పుడూ చూడని కొత్త ఫోన్. గంట విండోలో ఇప్పుడు పది గంటల చెల్లింపు బయటికి పోవాలి. విలువలను ఒట్టి సెట్‌లో పెట్టుకున్నవాళ్లు, పాత ఫోన్ విండో దాటింది కదా అని దాన్ని సెట్‌లోంచి తీసేస్తారు. జవాబు రెండు వస్తుంది. కానీ ఆ ఫోన్‌ను 10:45కి మళ్లీ వాడారు, ఇంకా విండోలోనే ఉంది. సరైన జవాబు మూడు. మూడు పరికరాలు దాటితే ఆపాలన్న నియమం ఉంటే, తర్వాతి కొత్త ఫోన్‌తో ఆగాల్సిన మోసపు లావాదేవీ హాయిగా వెళ్లిపోతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ కనిపించదు.

అందుకే అపాచీ ఫ్లింక్ లాంటి ఇంజిన్లు ప్రతి విలువ పక్కన, అది ఎన్నిసార్లు వచ్చిందో ఒక మ్యాప్‌లో రాసుకుంటాయి. ఆ ఫోన్‌కు రెండు. పది గంటల వరుస బయటికి పోతే ఒకటి. సున్నాకు చేరినప్పుడే డిస్టింక్ట్ లెక్క ఒకటి తగ్గుతుంది, ఆ విలువా మ్యాప్‌లోంచి పోతుంది. సున్నా అయినా తీయకుండా వదిలేస్తే జవాబు సరిగ్గానే వస్తుంది, మెమరీ మాత్రం నెమ్మదిగా నిండిపోతుంది. నాకు ఈ పద్ధతి మీద గౌరవం. ఇంకో తేలికైన దారి ఉంది: ప్రతి ఫోన్ చివరిసారి ఎప్పుడు కనబడిందో ఆ సమయం ఒక్కటే ఉంచుకోవచ్చు. వరుసలు కాలక్రమంలో వచ్చినంతసేపూ అది పనిచేస్తుంది. కానీ 10:45 చెల్లింపు రద్దయిందని పై నుంచి కబురొస్తే, అంతకు ముందు ఆ ఫోన్ ఎప్పుడు కనబడిందో ఆ లెక్కకు తెలియదు. ఎన్నిసార్లు అన్నది దాచుకున్నవాళ్లు ఒకటి తగ్గించి ముందుకు పోతారు.

దీనికి ఖర్చుంది. ఒక్క కార్డుకు నాలుగైదు ఫోన్లంటే ఏమీ కాదు. ఒక పెద్ద వెబ్‌సైట్‌కు వచ్చే వేర్వేరు మనుషులను లెక్కించాలంటే ఒకే కీ కింద కోట్ల విలువలు చేరతాయి. ఇలా దాచుకున్న లెక్కలు, అంటే స్టేట్, రాక్స్‌డీబీ అనే డేటా నిల్వలో ఉంటే ప్రతి వరుసకూ చదవడం, రాయడం. ఆ కీ పడిన మెషీన్ ఒక్కటే చెమటోడుస్తుంటే మిగతావి ఊరికే ఉంటాయి. ఫ్లింక్‌లో విండో లేని గ్రూప్ లెక్కలకు దీనికొక ఉపాయం ఉంది, మీరు తప్పకుండా చదవాలి. విలువలను హ్యాష్ చేసి 1024 బకెట్లుగా విడదీసి, ఒక్కో బకెట్‌లో విడిగా డిస్టింక్ట్ లెక్కించి, చివర మామూలుగా కూడుతుంది. ఇందాక మెస్ లెక్కలో కూడటం తప్పన్నాం, ఇక్కడ ఎలా ఒప్పయింది? అక్కడ కాలాన్ని బట్టి ముక్కలు చేశాం, ఒకే మనిషి రెండు ముక్కల్లో పడ్డాడు. ఇక్కడ విలువను బట్టి ముక్కలు చేశాం. ఒక విలువ ఎన్నిసార్లు వచ్చినా అదే బకెట్‌లో పడుతుంది, రెండుచోట్ల ఉండే వీలే లేదు.

కాలం ముక్కలనే కలపక తప్పని చోట్లూ ఉన్నాయి. గంట విండో ఐదు నిమిషాలకోసారి జరుగుతుంటే ప్రతి వరుసా 12 విండోల్లో పడుతుంది. అలా 12 చోట్ల రాసే బదులు ఐదేసి నిమిషాల ముక్కలు ఒక్కసారే లెక్కించి, 12 ముక్కలను కలిపితే మేలు. డిస్టింక్ట్‌కు అలా కలపాలంటే సెట్లను కలపాలి, అవి పెద్దవి. ఇక్కడే ఫిలిప్ ఫ్లజోలే పేరు చెప్పాలి. నైజెల్ మార్టిన్‌తో కలిసి ఆయన ఉజ్జాయింపు డిస్టింక్ట్ లెక్కకు 1985లో ఒక దారి వేశారు. 2007లో సహచరులతో కలిసి హైపర్‌లాగ్‌లాగ్ అనే పద్ధతి అందించారు. రెడిస్ డేటాబేస్‌లో అది 16,384 చిన్న గదులు, ఒక్కోటి 6 బిట్లు, మొత్తం 12 కిలోబైట్లు. ప్రామాణిక దోషం 0.81 శాతం. రెండు ముక్కలను కలపాలంటే గదికి గది చూసి పెద్ద అంకె ఉంచుకోవడమే. అయితే పెద్దది ఉంచుకున్నాక, దాని కింద పోయిన చిన్నది ఏదో తిరిగి చెప్పలేం. కాబట్టి అందులో కలపడం ఉంది, తీసేయడం లేదు. విండో జరిగినప్పుడల్లా ముక్కల నుంచి మళ్లీ కలుపుకోవాల్సిందే.

ఐఐటీ కాన్పూర్‌లో చదివిన రాజీవ్ మోత్వానీ 2002లో సహచరులతో కలిసి రాసిన పత్రం ఇంకా మూలంలోకి వెళ్తుంది. డిస్టింక్ట్ సంగతి అటుంచి, స్ట్రీమ్‌లో గత ఎన్ బిట్లలో ఒకట్లు ఎన్నో కచ్చితంగా చెప్పాలన్నా దాదాపు ఆ ఎన్ బిట్లంత మెమరీ కావాలని, కొంచెం తేడాను ఒప్పుకుంటే చాలా తక్కువ సరిపోతుందని అందులో నిరూపించారు. మీ ప్రోగ్రామ్ ఎంత బాగా రాసినా ఆ హద్దు దాటదు. అందుకని కచ్చితమా, ఉజ్జాయింపా అన్నది ముందే తేల్చుకోవాలి. వాడేవాళ్లకూ ఆ మాట చెప్పాలి. కార్డు ఆపే నిర్ణయానికి కచ్చితమైన లెక్కే వాడండి, అక్కడ విలువలు ఎలాగూ కొన్నే. డ్యాష్‌బోర్డులో సందర్శకుల సంఖ్యకు ఉజ్జాయింపు చాలు. ఆ సంఖ్యను బట్టి ఎవరికైనా బిల్లు పడుతుంటే మాత్రం, అది ఉజ్జాయింపని బిల్లు మీదే ఉండాలి.

కొన్ని వ్యవస్థలు ఈ లెక్క చేయలేమని ముందే చెప్పేస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో విండో ఫంక్షన్‌లో డిస్టింక్ట్ రాస్తే ఆ సదుపాయం లేదని ఎర్రర్ ఇస్తుంది. స్పార్క్ స్ట్రక్చర్డ్ స్ట్రీమింగ్ కూడా అలాంటి కచ్చితమైన డిస్టింక్ట్ లెక్కను ఒప్పుకోదు, ఉజ్జాయింపు ఫంక్షన్ వాడుకోమంటుంది. వీటిని లోపాలుగా చూసేవాళ్లున్నారు. నాకవి మర్యాదగానే కనిపిస్తాయి. పార్సర్ ఒప్పుకున్నంత మాత్రాన లెక్క సరిపోయినట్టు కాదు. తప్పు అంకె ఇవ్వడం కన్నా లేదని చెప్పడం మేలు. లేదన్న చోట నిజంగా ఉండేలా చేయడం మీవంటి వాళ్ల పని.

ఈ వారం తీరిక చేసుకుని, మీకు చేతనైన ఏ భాషలోనైనా ఈ లెక్క చిన్నగా రాయండి. నాలుగు పరీక్షలు పెట్టండి. ఒకే ఫోన్ రెండుసార్లు వచ్చి, మొదటిది విండో దాటాక లెక్క తగ్గకూడదు. ఫోన్ వివరమే లేని వరుస, అంటే నల్, లెక్కలోకి రాకూడదు. ఆలస్యంగా వచ్చిన వరుస వాటర్‌మార్క్ (ఇక ఇంతకన్నా పాత వరుసలు రావని ఇంజిన్ అనుకునే సమయం) కన్నా వెనకబడకపోతే తన అసలు సమయంలో చేరాలి. నాలుగోది చాలామంది మర్చిపోతారు: ఒక కార్డు నుంచి గంట దాటినా ఏమీ రాకపోతే, కొత్త వరుస కోసం ఎదురుచూడకుండా టైమర్ దాని స్టేట్‌ను ఖాళీ చేసిందో లేదో చూడాలి. నాలుగూ నెగ్గాక ఫ్లింక్ మూలకోడ్ తెరిచి, వాళ్లు అదే పని ఎలా చేశారో పక్కపక్కన పెట్టి చదవండి. ఎక్కడైనా పరీక్ష లేని దారి కనబడితే ఆ పరీక్ష రాసి వాళ్లకు పంపండి.